గద్ద గూటికి సరిపోయే లెన్సు

నా రెండు కళ్ళ మీద, నా కెమెరా మీద, ఎడమ చెవి పైన పడిన మూడు కుట్ల మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం చదవగానే నవ్వుతారని తెలుసు. అందుకే కుట్లను సాక్ష్యానికి పిలిచాను. అవి నాలా మాట మార్చవు.

మొదట చిందింది మా వాచ్‌మన్ రక్తం. మదీనాగూడలో, ముంబై హైవేకి రెండు సందుల లోపల, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ మాది. టెర్రస్ మీద ఒక సెల్ టవర్ ఉంది. శివరాత్రి వెళ్ళిన వారం, ట్యాంకు నిండిందో లేదో చూడటానికి పైకెళ్ళిన మనిషి రెండు చేతులతో నెత్తి పట్టుకుని దిగి వచ్చాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతుల దాకా కారి, అక్కణ్ణుంచి మెట్టుకో చుక్క చొప్పున రాలుతోంది.

"ఎవరు కొట్టారయ్యా?" అన్నాను.

"గద్ద సార్. ఎన్కనించి వచ్చింది. సప్పుడే లేదు. గొడ్డలితోని ఏసినట్టయింది."

జహీరాబాద్ వైపు మనిషి, యాభై దాటాయి, గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. స్కూటర్ మీద దవాఖానకు తీసుకెళ్తుంటే నా చొక్కా వెనకంతా తడిసిపోయింది. దారిలో అతను అన్నది ఒక్కటే: "ట్యాంక్ నిండలే సార్, మోటర్ బంద్ చెయ్యకుర్రి."

ఆ తర్వాతి పది రోజులు మా టెర్రస్ యుద్ధభూమి. బట్టలారేయడానికి వెళ్ళిన మూడో అంతస్తు ఆవిడ భుజం చీలింది. కేబుల్ సరిచేయడానికి వచ్చినతను కిందపడి ముందు పళ్ళు రెండు విరగ్గొట్టుకున్నాడు. రెండో అంతస్తు టీమ్ లీడ్ ఒకాయన, ఇది టెక్నాలజీతో తేల్చాల్సిన విషయమని, గూడు ఫోటో తీయడానికి డ్రోన్ ఎగరేశాడు. టవర్ సగం ఎత్తుకు చేరకముందే గద్ద దాన్ని గాలిలోనే తన్నింది. డ్రోన్ నాలుగు ముక్కలై సందులో పడింది. ఒక రెక్క ఇంకా తిరుగుతూనే ఉంది. ఇక పావురాల సంగతి చెప్పనక్కర్లేదు. వాటిని టవర్ కమ్మీ మీద అదిమిపెట్టి, ప్రాణం ఉండగానే రొమ్ము చీల్చేది. దూది ఏకినట్టు ఈకలు మా బాల్కనీల ముందు తేలుతూ దిగేవి. ఒకరోజు ఒక పావురం తల నేరుగా మా ప్రెసిడెంటు గారి కాఫీ గ్లాసులో పడింది. లిఫ్టు పక్కన నోటీసు అంటించారు: టెర్రస్‌కు హెల్మెట్ తప్పనిసరి. ఆడవాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని వడియాలు ఎండబెట్టడం ఈ కళ్ళతో చూశాను.

బుధవారం సాయంత్రం సెల్లార్‌లో మీటింగు. ప్రెసిడెంటు గారు గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ ఇంజనీరు. గొంతు పెంచరు, నిర్ణయం మార్చరు.

"ఆదివారం పొద్దున్న గూడు దించేద్దామండీ. వాచ్‌మనే ఎక్కుతాడు."

వాచ్‌మన్ కట్టు కట్టిన తలతో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. "అండ్ల పిల్ల ఉన్నది సార్. అందుకే కొడ్తున్నది. రెక్కలొస్తె అదే పోతది. జర ఓపిక పట్టుర్రి."

"పిల్ల ఉందని నీకెలా తెలుసు?"

"ఉన్నది సార్."

"అలా కాదయ్యా. ఎక్కనంటే చెప్పు, వేరే మనిషిని చూసుకుంటాం."

వేరే మనిషి అంటే వేరే వాచ్‌మన్ అని అందరికీ అర్థమైంది. సెల్లార్ మూలనున్న గదిలో అతని భార్య చీపురు పట్టుకుని నిలబడిపోయింది. ఎక్కితే కళ్ళు పోవచ్చు, ఎక్కకపోతే ఆ గది పోతుంది.

నేను ఊరుకోలేకపోయాను. "పిల్ల ఉంటే గూడు పీకడం పాపమండీ."

"నిజమేనండీ, పిల్ల ఉంటే నేనే వద్దంటాను," అన్నారాయన. "కానీ రుజువు కావాలి కదా. మీరు నల్లమలలో పులిని ఫోటో తీశారు కదండీ! గద్ద పిల్లను తీయలేరా? ఆదివారం లోపల చూపించండి."

సెల్లార్‌లో ఉన్న తలలన్నీ నావైపు తిరిగాయి. ఆ పులి జూపార్కులో కమ్మీల వెనక కూర్చున్న పులి. కమ్మీలను కంప్యూటర్లో చెరిపాను. ఆ సంగతి అప్పుడు చెప్పే వీలు లేదు.

ఇంటికి రాగానే మా ఆవిడ అంది: "పులికి సరిపోయిన లెన్సు గద్దకు చాలదేమిటండీ?"

చాలదు. కెమెరాతో పాటు వచ్చిన చిన్న లెన్సుతో మెట్ల తలుపు సందులోంచి తీస్తే టవర్ వచ్చింది, ఆకాశం వచ్చింది, గూడు మాత్రం చీమంత వచ్చింది. దూరాన్ని దగ్గరకు లాగే జూమ్ లెన్సు కావాలి. నా జేబుకు అందేది కావాలి. అదీ ఆదివారం లోపల.

కొండాపూర్‌లో ఒక సెల్లార్‌లో పాత కెమెరాలు కొని అమ్మే దుకాణం ఉంది. హైటెక్ సిటీ కుర్రాళ్ళు జీతంలో మొదటి హైక్ రాగానే కొని, పెళ్ళి కుదరగానే వదిలించుకున్న లెన్సులన్నీ చివరికి అక్కడికే చేరతాయి. ఆ రాత్రే వెళ్తే దుకాణదారు నా ముందు రెండు పెట్టాడు. ఒకటి మూడు వందల మిల్లీమీటర్లది, లోహపు ఒళ్ళు, తుపాకీ గొట్టంలా ఉంది. ఇంకోటి రెండు వందల యాభైది, ప్లాస్టిక్కు, పచ్చడి డబ్బా అంత ఉంది. ధర రెంటికీ ఇంచుమించు ఒకటే.

"మూడు వందలదే ఇవ్వు," అన్నాను.

"జర ఆగుర్రి సార్. మీరు ఫ్లాట్ కొన్నరా?"

"కొన్నాను."

"ఎన్ని ఫీట్లని చెప్పిండ్రు? లోపల కొలిస్తె ఎన్నొచ్చినయ్?"

ఆ గాయం ఇంకా మానలేదు.

"గిది గూడ గంతే. మూడు వందలు సూపర్ బిల్టప్పు. ఆ చివరకి పోతె బొమ్మ మసక మసక. మీరు కాలు పెట్టి నడిచేది రెండు వందల దాకనే. పైగా చెయ్యి వణుకు ఆపేది ఇండ్ల లేదు. మీ కెమెరాల ఫోకస్ మోటర్ లేదు, గీ లెన్సుల గూడ లేదు. ఫోకస్ చేత్తోని తిప్పాలె. గద్ద మీకోసం ఆగుతదా?"

"పులి ఆగింది," అన్నాను, అలవాటు కొద్దీ.

అతను నా కెమెరాను, నా ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. "ఆగింది గదా. మరి గిదే తీస్కపోర్రి. పగలగొట్టకుండ తెస్తె మార్చి ఇస్త."

ఇక్కడ మేమందరం ఇంతే. జీతమైనా, ఫ్లాటైనా, ఫోన్లో కెమెరా అయినా ముందు అంకె చూస్తాం. అంకె పెద్దదైతే లోపల ఏముందని అడగడానికి మొహమాటపడతాం.

గురువారం పొద్దున్న ఏడింటికి ఆఫీసుకు వెళ్ళే ముందు, ముఖమంతా కప్పే హెల్మెట్ పెట్టుకుని టెర్రస్ ఎక్కాను. కెమెరా ఎత్తాక తెలిసింది, గడ్డం దగ్గర హెల్మెట్ అడ్డం. కన్ను వ్యూఫైండర్‌కు చేరదు. మెడ వంచాను, పక్కకు తిప్పాను, లాభం లేదు. గద్ద టవర్ మీద బొమ్మలా కూర్చుని ఉంది. ఒక్క నిమిషమే కదా అనుకుని హెల్మెట్ తీసి కింద పెట్టాను.

గొట్టంలోంచి చూస్తే గూడు మసకగా, తర్వాత స్పష్టంగా, మళ్ళీ మసకగా ఊగుతోంది. నా గుండె కొట్టుకున్నప్పుడల్లా టవర్ గంతులేస్తోంది. వేళ్ళతో రింగు తిప్పుతూనే ఉన్నాను. ఈ లెన్సులతో ఒక చిక్కుంది. దూరాన ఉన్న జానెడు మేర చూపిస్తాయి, మిగతా లోకమంతా దాచేస్తాయి. గద్ద కమ్మీ మీద లేదని గమనించేసరికే ఆలస్యమైంది.

ఇటుకతో మోదినట్టు తగిలింది. చెవి పైన చర్మం చిరిగిన చప్పుడు నాకే వినిపించింది. వెచ్చగా ఏదో మెడలోకి దిగింది. వెనక్కి తిరిగితే ఈసారి ఎదురుగా వచ్చింది: పసుపు కాళ్ళు, నల్ల గోళ్ళు, పిల్లిలాంటి కేక. చెయ్యి అడ్డం పెడితే అరచేతిని గీరేసింది. నేను లెన్సును కడుపులో దాచుకుని, ముడుచుకుని, సిమెంటు నేల మీద దొర్లుకుంటూ తలుపు దాకా చేరాను. వీపు మీద ఇంకో రెండు దెబ్బలు. వాచ్‌మన్ వచ్చి గొడుగు అడ్డంపెట్టి లోపలికి లాక్కున్నాడు.

"టోపీ ఎందుకు తీసిండ్రు సార్?"

"కన్ను ఆనలేదయ్యా."

"ఇంకొంచెమైతె ఆ కన్నే పోతుండె."

మూడు కుట్లు. ఆఫీసులో బండి మీంచి పడ్డానని చెప్పాను. నిజం చెబితే ఎవరూ నమ్మరు, అది నా జీవితంలో పెద్ద విచిత్రం. ఫోటోలు చూస్తే అన్నిట్లో బూడిదరంగు గీతలు. ఒకదాంట్లో మాత్రం నా మోకాలు చాలా స్పష్టంగా వచ్చింది.

శుక్రవారం దుకాణదారు నా కట్టు చూసి నవ్వు ఆపుకున్నాడు. "చెప్తె వినలే గదా సార్." మాట మీద నిలబడి, ఆ రెండు వందల యాభై లెన్సు ఇచ్చాడు. దాన్ని బిగించి, మీట సగం నొక్కగానే ఊగుతున్న బొమ్మ టక్కున నిలబడింది. లోపల ఎవరో నా మణికట్టు పట్టుకున్నట్టుంది. "లెన్సు పెంచుడు గాదు, మీరు దగ్గరికి వోవాలె," అన్నాడు. "దాని కండ్ల పడకుండ పోవాలె. ఫికర్ చెయ్యకుర్రి, యాభై తక్కువైతె ఏం గాదు."

ఆ మాట వాచ్‌మన్‌కు చెబితే, అతను ఎదురు సందులోని ఎనిమిదంతస్తుల అపార్ట్‌మెంట్ చూపించాడు. అక్కడి వాచ్‌మన్ తమ జహీరాబాద్ వైపు మనిషేనట. శనివారం పొద్దున్న ఇద్దరం ఏడో అంతస్తు మెట్ల కిటికీ దగ్గర కూర్చున్నాం. గూడు మా కంటికి కాస్త కింద ఉంది. తువ్వాలు చుట్టి గట్టు మీద పెట్టి, దాని మీద లెన్సు ఆనించాను. ఆ చిన్న పచ్చడి డబ్బాలోంచి ఒక్కో పుల్లా కనబడింది. పుల్లల మధ్య ఎర్ర ప్లాస్టిక్కు, ఎవరిదో ఆఫీసు ఐడీ కార్డు తాడు.

మగ గద్ద పావురాన్ని తెచ్చి పడేసింది. పావురం ఇంకా రెక్క కొడుతోంది. తల్లి దాని మీద కాలేసి తొక్కి, ముక్కుతో మెడ పట్టి ఒక్క గుంజు గుంజింది. తల వేలాడిపోయింది. తర్వాత రొమ్ము చీల్చింది. ఎర్రటి పేగు తీగలా సాగింది. అప్పుడు తల్లి కాళ్ళ దగ్గర తెల్లటి బొచ్చు కదిలింది. బొచ్చులోంచి తల లేచింది. పిల్ల నోరు తెరిచింది, నోరంతా రక్తం. తల్లి ఆ పేగును దాని నోట్లో పెట్టింది. నేను మీట నొక్కాను.

ఆదివారం. సెల్లార్‌లో కారు బానెట్ మీద నా లాప్‌టాప్. పక్కన వాచ్‌మన్, నడుముకు తాడు, చంకలో నా హెల్మెట్, తల మీద ఇంకా కట్టు. అతని భార్య ఎవరి ముఖమూ చూడటం లేదు. నేను బొమ్మను పెద్దది చేసి వేలు పెట్టాను. "ఇదిగో తల. ఇదిగో నోరు."

ప్రెసిడెంటు గారు కళ్ళజోడు తుడుచుకుని వంగారు. చాలాసేపు చూశారు. "అవునండీ," అన్నారు చివరికి. "కన్ను కూడా కనిపిస్తోంది."

"పాపం, ఎంత ముద్దుగా ఉందో!" అంది భుజం చీలిన ఆవిడ.

పిల్ల ఎగిరిపోయేదాకా టెర్రస్‌కు తాళం వేయాలని తీర్మానం అయింది. వాచ్‌మన్ తాడు విప్పబోయాడు. ముడి బిగిసిపోయింది. అతని భార్య వచ్చి పళ్ళతో లాగి విప్పింది.

ఇప్పుడు ఒట్టు సంగతి. కాఫీ గ్లాసులో పావురం తల పడలేదు, కారు మీద పడింది. అది లెక్కలోకి రాదు. నేను కల్పించింది పిల్లను. ఆ శనివారం తల్లి మాకు వీపు చూపించే కూర్చుంది. లెన్సు తన పని తాను చేసింది, ప్రతి ఈకా అద్దంలా వచ్చింది. కానీ దాని కాళ్ళ దగ్గర కనబడిన తెల్లటి బొచ్చు చచ్చిన పావురం పొట్టది. నోరని నేను వేలు పెట్టింది చీలిన గాయం. కన్ను ఎక్కడిదో ప్రెసిడెంటు గారినే అడగాలి. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం, పిల్ల తల ఎత్తలేదు. కిటికీ దగ్గర నుంచి లేచేటప్పుడు వాచ్‌మన్‌ను అడిగాను: "పిల్ల ఉందన్నావు, నువ్వు చూశావా?"

"ఉన్నదన్న సార్. చూసిన అని అన్లే."

"మరి రేపు?"

"మీరు పులిని తీసిండ్రు గదా," అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు, అప్పటికే వీపు తిప్పి మెట్లు దిగుతున్నాడు.

మూడు వారాల తర్వాత, తాళం తీసి ట్యాంకు చూడటానికి వెళ్తూ అతను నన్ను పిలిచాడు. కెమెరాతో పరిగెత్తాను. మెట్ల గది తలుపు పక్కన, కమ్మీ మీద, నాకు రెండడుగుల దూరంలో గద్ద పిల్ల కూర్చుని ఉంది. ఒంటి మీద తెల్ల మచ్చలు, తల మీద ఇంకా కాస్త నూగు. నన్ను చూసి జంకలేదు. కెమెరా ఎత్తాను. లెన్సు ముందుకు వెళ్ళింది, వెనక్కి వచ్చింది, వెతికింది, గుర్రుమంది, ఊరుకుంది. అంత దగ్గరున్నది దానికి ఆనదు. మసకలో మసకగా ఒక పసుపు కన్ను నన్నే చూస్తోంది.

"వచ్చిందా సార్?" అన్నాడు వాచ్‌మన్ వెనక నుంచి, గొడుగు పట్టుకుని.

"వచ్చింది," అన్నాను.