మా పాప మొదటి మాట మీద నా ఫిర్యాదు

మా ఇంట్లో నా మాటకు జవాబు చెప్పే ఆనవాయితీ లేదు. ఈ సంగతీ ఎన్నోసార్లు చెప్పబోయాను. మొదలుపెట్టగానే అందరూ పడీపడీ నవ్వి లేచిపోతారు. అందుకే మీకు చెబుతున్నాను. ఒక్క సబ్బునీళ్ల సీసాతో ఒక మగాడి పరువు ఎంత దూరం కొట్టుకుపోగలదో వినండి. మధ్యలో లేవకండి, గుర్తుపెట్టుకుంటాను.

నేను మలేషియాలో, కువాలా సెలంగోర్ ఊళ్లో కారు నడపడం నేర్పుతాను. పక్క సీట్లో నా కాళ్ల దగ్గరా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు ఆలోచన వచ్చేలోపే దాన్ని తొక్కేస్తాను. తొక్కుతూ మాట్లాడతాను, మాట్లాడుతూ తొక్కుతాను.

మూడో ఏడు నడుస్తున్నా మా పాప పావని ఒక్క మాటా పలకలేదు. చెవులు పరీక్ష చేయించాం, బాగానే వినిపిస్తోందన్నారు. కావాల్సినదాని వైపు వేలు చూపేది, నా చొక్కా లాగేది, అంతే. "ఒక్క మాట సాలండీ, ఏ మాటైనా సరే," అనేది నా భార్య సుశీల, అన్నం కలుపుతూ. ఆ పూట నాకు ముద్ద దిగేది కాదు.

మాటలు నేర్పే టీచరమ్మ దగ్గరకు, క్లాంగ్ పట్నానికి తీసుకెళ్లాం. తమిళావిడ, తెలుగూ వచ్చు. బల్ల, బొమ్మల పుస్తకం, నాలుకకు కసరత్తు ఉంటాయనుకున్నాను. ఆవిడ చాప మీద చతికిలబడి సబ్బు బుడగలు ఊదింది!

"ఏటిది, ఇందుకా ఇంత దూరం వచ్చినాం?" అన్నాను.

"ఉండండి లా!" అంది సుశీల. మాట చివర "లా" తగిలించడం ఇక్కడి మలేషియా వాళ్ల అలవాటు; పెళ్లయిన నాటి నుంచీ నా నోటికి ఆమె వేస్తున్న తాళం ఇదే.

టీచరమ్మ సీసా మూత బిగించి, పాప ముఖంలోకి చూస్తూ ఊరుకుంది. పాప పెదవులు కదిలాయి...

"ఇంకా ఊదమంటన్నాది, టీచర్!" అన్నాను.

ఆవిడ బొమ్మ కారు చూపించి, చేతిలో దాచి, మళ్లీ ఊరుకుంది.

"కారు! కారు కావాలట!"

టీచరమ్మ నా వైపు తిరిగింది. "అన్నా, పాపకు ఏం కావాలో మీకు తెలుసా?"

"తండ్రిని. నాకు తెలీదేటి?"

"అయితే తెలియనట్టు ఉండండి. మాట ఆలస్యం కావడం మీ తప్పు కాదు. కానీ వచ్చే మాటకు దారి వదలాలి కదా?"

దారి వదలడం గురించి నాకు! కారు నేర్పేవాడికి! అది చాలక కొన్ని వారాలు నన్ను బయట కూర్చోబెట్టారు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. అదీ మర్చిపోలేదు.

ఇంట్లో తెలుగులోనే మాట్లాడమంది ఆవిడ, చిన్న చిన్న మాటలతో, ఆటలాడుతూ, అడిగాక ఆగుతూ. సుశీల అలాగే చేసింది. పాప "బ" అంది, "మ" అంది. ఒకరోజు నన్ను లోపలికి పిలిచారు.

"ఇవాళ మీరే ఊదండి, అన్నా. ఊది, ఆపి, ఎదురుచూడండి. మాట్లాడకండి."

ఊదాను. ఆపాను. పాప నన్నే చూస్తోంది. ఆ నిశ్శబ్దంలో నా కాలు తనంతట తానే చాప మీద బ్రేకు వెతుక్కుంది. నోరు ఖాళీగా ఉంటే మాట జారుతుందని, బుడగల పుల్లని పళ్ల మధ్య కరిచిపట్టుకున్నాను. ఊదాల్సింది పోయి పీల్చాను.

"థూ! ఏటి టీచర్ ఈ సబ్బు! ముందు ఇది మార్సండి, తర్వాత బయట ఆ కుర్చీ..."

ఒక చిన్న అరచెయ్యి వచ్చి నా నోటి మీద పడింది.

"ఉండ్లా!"

పాప ఇంకాస్త గట్టిగా అంది: "ఉండ్లా, నాన్నా!"

సుశీల నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నా పెదవుల మీద ఒక బుడగ ఉబ్బి, టప్పున పగిలింది.

"అమ్మా అనలేదు కదే," అన్నాను ఓదార్పుగా.

"నా మాటే అన్నాది కదండీ!" అంది సుశీల.

ఇప్పుడు పావని నోటికి నేను బ్రేకు వేయలేను. వెనక సీట్లో కూర్చుని నా దగ్గర నేర్చుకునేవాళ్లకు నాకంటే ముందే బ్రేకు వేయమంటోంది. ఆ సబ్బునీళ్ల సీసా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో మరొకరి నోట్లోని మాటను నేను ముందుగా తొక్కను.

కానీ ఒక్క సంజాయిషీ నాకు ఇంకా రావాలి. కన్నతండ్రి నోరు మూయించడం మొట్టమొదటి పాఠంగా నేర్పింది ఎవరు? సుశీలని అడిగితే టీచరమ్మని చూపిస్తుంది. టీచరమ్మ సుశీలని చూపిస్తుంది. పాపని అడిగితే "ఉండ్లా" అంటుంది.

సరే, ఉన్నాను. పెదవులు బిగించుకునే కూర్చున్నాను. ఇప్పటికైనా ఎవరో ఒకరు జవాబు చెప్పండి!