ముప్పై ఏడో బొమ్మ

మా సుందరరాజు బావకు బందరులో ఫొటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, పాస్‌పోర్టు సైజులు అన్నీ తీసేవాడు గానీ ప్రాణమంతా తెల్లకొంగల మీదే. మిట్టమధ్యాహ్నం తీస్తే కొంగ సున్నపు ముద్దలా వస్తుందట. నాలుగున్నర దాటి నీరెండ పడితేనే ఈక ఈకా విడిగా కనిపిస్తుందట. "కొంగజపం చేసేది కొంగో మీ బావో తెలీదురా" అని మా రూతక్క నవ్వేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. స్కూటరు తోలేది నేను, దోమలు కుట్టేది నన్ను.

కొంగల కోసం విడిగా రీలు కొనేవాడు కాదు. గిరాకీ రీల్లోనే మొదట నాలుగు బొమ్మలు, చివర మిగిలినన్ని వాటికి. ముప్పై ఆరు బొమ్మల రీలును ఒడుపుగా ఎక్కిస్తే ముప్పై ఏడోది కూడా పడుతుందనీ, ఆ ఒక్కటీ ఎవరి సొత్తూ కాదనీ వాదించేవాడు.

తొంభై ఎనిమిది జనవరిలో మంగినపూడి దగ్గర ఎస్తేరమ్మగారు పోయారు. భూస్థాపనకు ముందు పెట్టె చుట్టూ నిలబడి ఫొటో దిగడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ. ఆఖరి చూపుకు అందనివాళ్ళ కోసం ముఖం ఒక్కటీ దగ్గరగా తీయిస్తారు. ఆవిడ కూతురు ఇందిర ఖరగ్‌పూర్ నుంచి రావాలి. రైలు దారిలో ఎక్కడో ఆగిపోయిందని కబురొచ్చింది. మూడింటిదాకా చూసి, ఇక ఆగలేమన్నారు పాస్టరుగారు.

"మా చెల్లికి అమ్మ ముఖం చూపించాలండీ. బతికుండగా ఒక్క ఫొటో కూడా దిగలేదు మా అమ్మ" అన్నాడు కొడుకు జేమ్స్, బావ చేతులు పట్టుకుని. ఆవిడ ముఖానికే బావ ఆరు తీశాడట. నేను లోపలికి వెళ్ళలేదు. చావింట్లో నిలబడటం నా వల్ల కాదు. బయట స్కూటరు దగ్గరే ఉండిపోయాను.

తిరిగొస్తుంటే ఉప్పుమళ్ళ పక్క బురదలో కొంగలు దిగి ఉన్నాయి. ఎండ వాటి మీద పచ్చగా పడుతోంది.

"ఆపరా" అన్నాడు.

"ఎస్తేరమ్మగారి ఫొటోలున్నాయి బావా అందులో. ఇంటికి వెళ్దాం" అన్నాను. వింటేనా! ప్యాంటు మడిచి బురదలోకి దిగాడు. మిగిలిన బొమ్మలన్నీ తీసేశాడు. ముప్పై ఆరూ అయిపోయాయి. అప్పుడే ఒక కొంగ కాలెత్తి, మెడ సాచి నిలబడింది. రీలు జరిపే లీవరు బిగుసుకుంది. ముప్పై ఏడోది ఉండితీరాలని బలంగా లాగాడు. వచ్చింది. క్లిక్‌మనిపించి, "చూశావా!" అన్నాడు నాతో. తర్వాత రీలు వెనక్కి చుట్టబోతే పిడి ఇట్టే తిరిగింది. చుట్టడం అయిపోయిందనుకుని వెనక మూత తీశాడు.

ఆ లాగుడుకి రీలు డబ్బాలోంచి ఊడొచ్చి మొత్తం బయటే ఉంది. దాని మీద ఎండ పడుతోంది. బావ గబుక్కున మూత వేసి, చొక్కా విప్పి కెమెరాకు చుట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను.

మర్నాడు పొద్దున్నే గుడివాడ వెళ్ళి ల్యాబులో కడిగించాం. ఎండ తగలని లోపలి చుట్లలో ఉన్న మొదటి నాలుగు బొమ్మలే దక్కాయి. అవి భూస్థాపనకు ముందురోజు తీసిన కొంగలు. జన్మలో అంత మంచి ఫొటోలు తీయలేదు బావ. వాటిని చూస్తే నాకు అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం ఇందిర అన్నతో స్టూడియోకి వచ్చింది. కెమెరా చెడిపోయిందని చెప్పెయ్యమని నేను సైగ చేశాను. బావ నా వైపు చూడలేదు. కొంగల సంగతితో సహా అంతా చెప్పాడు. జేమ్స్ చెయ్యెత్తాడు. కొట్టినా బాగుండేది. ఇందిర అన్న చెయ్యి పట్టుకుని దించింది.

"పోనీ మీరు చెప్పండి అన్నయ్యగారూ" అంది. "మా అన్నయ్య ఏడుపులో సరిగ్గా చూడలేదంటున్నాడు. మీరు అంత దగ్గర్నుంచి చూశారుగా. బాధపడ్డట్టుందా అమ్మ, నిద్రపోయినట్టుందా? అదొక్కటీ చెప్పండి చాలు."

నేనైనా లోపలికి వెళ్ళి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

"పెట్టె మీద నా నీడ పడుతోందని పక్కకు జరిగానమ్మా" అన్నాడు బావ. "ఫోకస్ చూసుకున్నాను. ముఖం చూడలేదమ్మా."