గోడ మీది బండల వాలు ఎటు?

మా పెరటి గోడ మీద పడిన వాన ఎటు జారాలన్న ప్రశ్న అంతకు ముందెన్నడూ నాకు తట్టలేదు. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లే ఒక సందులో మా ఇల్లు. వెనుక నాలుగడుగుల వెడల్పు పెరడు; అందులో అమ్మ పెంచే జాజితీగ, కరివేపాకు చెట్టు, రెండు మందారాలు. దాని చివర తాతగారు సున్నంతో కట్టించిన మందపాటి గోడ. గోడ మాదే. అయితే దానికి ఆవలి వైపు ఆనుకొని పక్కింటాయన రేకుల గది ఉంది. ఆయన కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు. సరుకంతా ఆ గదిలోనే. గోడ పైభాగం పగుళ్లిచ్చి, కిందటి వానాకాలం నీరు లోపలికి దిగి, ఆయన పుస్తకాల అడుగు వరుస ఉబ్బిపోయింది. ఈసారి వానలకు ముందే గోడ నెత్తిన షాబాద్ బండలు పరిపించాలని అమ్మ నిశ్చయించి, తాను ఆఫీసుకు వెళ్తూ పని చూసే బాధ్యత నాకు అప్పగించింది.

పాలమూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మేస్త్రీ గోడ పొడవునా దారం కట్టి, బండలన్నీ మా పెరటి వైపుకే వాలేటట్టు గుర్తులు పెట్టాడు. ఎందుకని అడిగాను.

“గోడ ఎవలిదైతే నీళ్లు వాళ్ల దిక్కే పడాలె. గదే రివాజు.”

“రివాజు సరే. కారణం?”

“కారణం తెల్సుకొని కట్టిన్రా మా తాతలు? కట్టినంక తెల్సుకున్నరు.”

రివాజును కారణంగా అంగీకరించడం కాలేజీ డిబేట్లలో నేను నేర్చుకోలేదు. వాన ఎవరి సొత్తూ కాదు. గోడ వల్ల ప్రయోజనం ఇద్దరికీ ఉంది. నీరంతా ఒకే వైపు పడితే అమ్మ పెరటి మన్ను కొట్టుకుపోతుంది. కనుక నడుమ ఎత్తు పెట్టి సగం అటు, సగం ఇటు జారేటట్టు వేయాలని వాదించాను. మేస్త్రీ తల గోక్కున్నాడు.

“బండ నడిమికి కోస్తే అయితది వకీలమ్మా. జర పక్కింటి సారును గూడ అడుగు.”

అడిగాను. ఆయన గది గుమ్మంలో కూర్చొని ఒక నిఘంటువు అట్టకు జిగురు పూస్తున్నారు. నా మూడు వాదనలనూ వరుసగా చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాలేదు.

“సగం సగం న్యాయమే కదా, అంకుల్?”

“ఔ బిడ్డా, న్యాయమే,” అన్నారు, అట్ట మీంచి చూపు తిప్పకుండా.

దానిని నేను అంగీకారమనుకున్నాను.

ఆ మేస్త్రీకి ఒక అలవాటుంది. సిమెంటు పెట్టకముందే మొదటి బండను ఇసుక మీద నిలిపి, రెండిళ్లవాళ్లనూ పిలిచి, అందరి ఎదుటా దాని మీద చెంబెడు నీళ్లు పోస్తాడు. ఒకసారి సిమెంటు బిగిశాక పంచాయితీ పెట్టుకుంటే లాభం లేదట. ఆ ఉదయం కోసిన రెండు ముక్కలనూ ఆనించి నిలిపి, నన్ను నిచ్చెన ఎక్కమన్నాడు. పక్కింటాయన ఆవలి వైపు స్టూలు మీద నిలబడ్డారు. ఆయన బండను చూడడం లేదు. తన రేకు మా గోడను తాకే సందునే చూస్తున్నారు.

నీళ్లు పడ్డాయి. సగం మా మందారాల మీదికి జారింది. మిగతా సగం అంచు దాకా వెళ్లి, కింద పడకుండా, బండ అడుగుభాగాన్ని పట్టుకొని వెనక్కి పాకి, గోడ వెంట ఆ సందులోకి దిగింది. నీరు అలా వెనక్కి నడవగలదని నాకు తెలియదు. మరొకసారి పోయించాను. మళ్లీ అంతే.

“అంచు కింద గాడి కోస్తే ఆగుతుందా?”

“గాడి కోస్తే చుక్క ఆడనే తెగి కింద పడ్తది. మీ దిక్కు మన్ను మీద పడ్తది, ఫికర్ లేదు. గా దిక్కు రేకు మీద పడి, ఎగిరి మళ్ల గోడనే తడుపుతది.”

పక్కింటాయన దిగి గదిలోకి వెళ్లారు. నేనూ చుట్టు తిరిగి వెళ్లాను. పుస్తకాల వెనుక గోడ మీద తడి చార అప్పుడే అరచేతి వెడల్పున దిగుతోంది. ఆయన ఒంటిమీది తువ్వాలుతో దానిని అద్దుతున్నారు.

“మీకు ముందే తెలుసా, అంకుల్?”

“అనుమానం ఉండె.”

“మరి ఔనన్నారెందుకు?”

“న్యాయమా కాదా అని అడిగినవు. న్యాయమే అన్న. నా రేకు సందులకు నీళ్లు పోతయా అని అడగలే గద.” తువ్వాలు పిండుతూ, “గోడ మీది, పైస మీది. నేనేమని అడ్డం చెప్పాలె?” అన్నారు.

మేస్త్రీ గోడ మీంచి అరిచాడు: “వకీలమ్మ కేసు గెల్చింది సారూ, మీ బుక్కులే ఓడిపొయినయ్!”

నవ్వడానికి నాకు కొంత సమయం పట్టింది. ఇన్ని ప్రశ్నలు వేసిన నేను, ఆయనను మాత్రం నాకు కావలసిన జవాబు వచ్చేదే అడిగాను.

మిగిలిన బండలను కోయనివ్వలేదు. వాటిని మా వైపుకే వాల్చి, అంచు కింద వేలు పట్టేంత గాడి తీయించాము. సాయంత్రం అమ్మ వచ్చి చూసి, “మన్నంతా పోదుటే?” అంది. కోసి వృథా చేసిన ముక్కలను నీరు పడే చోట పరిచాను.

తొలి వానకు మా ఇంటి ముందు సందు మునిగింది. తగ్గాక పక్కింటాయన నన్ను పిలిచి, గదిలోని గోడను చూపించారు. పై నుంచి కింది వరకు చెయ్యి పెట్టి తడిమాను. సున్నం పొడి మాత్రమే అంటింది. అయినా ఆయన, తడుస్తాయని బల్ల మీదికి ఎక్కించిన పుస్తకాలను దించలేదు. “ఇంకొక్క వాన చూద్దాం,” అన్నారు. రెండో వానకూ అదే మాట. మూడో వాన తర్వాత బల్ల మీది కట్టలను ఒక్కొక్కటిగా నాకు అందించారు. నేలమీద, గోడకు ఆనించి, నేను పేర్చాను.