మాత్ర మింగని తాతను పట్టుకోడానికి వడ్డాది దారిలో

మా అప్పకు, అంటే మా అక్కకు, బీపీ. పదేళ్ళుగా పొద్దున్నే ఒక మాత్ర వేసుకునేది. మొన్న ఎవరో ఆమె ఫోనుకు ఒక వీడియో పంపారు. చోడవరం దగ్గర పల్లెలో నూట రెండేళ్ళ తాత మంచం మీద కూర్చుని, "నాను పుట్టి బుద్ధెరిగి మాత్తర మింగలేదు. మీరూ మానీండి" అంటున్నాడు. అప్ప మర్నాడే మానేసింది. వారం తిరక్కుండా కళ్ళు తిరిగి పెరట్లో కూలబడింది. నేను అరిస్తే, "నువ్వు సెప్తే ఇనాలేటి? ఎప్పుడైనా నిజం సెప్పేవా?" అంది. అదీ నిజమే. మా వీధిలో నా చేతిలో వెర్రివాడు కానివాడు లేడు. అందుకే తాత అబద్ధాన్ని రుజువుతో పట్టుకొద్దామని బయల్దేరాను.

గాజువాకలో ఏడింటికి బస్సెక్కాను. టికెట్టు అక్కర్లేని ఆడవాళ్ళందరికీ సీట్లు, టికెట్టు కొన్న నాకు ఇనుప కడ్డీ. అనకాపల్లి మీదుగా చోడవరానికి రెండు గంటలు పైనే పట్టింది. దోసె తిని వడ్డాది వైపు షేరాటో ఎక్కాను, ఇరవై రూపాయలు. ఊరి పేరు మాత్రం రాయను, కారణం ఉంది. తాతకు నిజంగా నూట రెండేళ్ళా అని డ్రైవర్ని అడిగాను.

"నిరుడు తొంభై ఎనిమిదన్నాడు బాబూ."

"ఒక్క ఏడాదిలో నాలుగేళ్ళు పెరిగేడేటి?"

"ఫోన్లలోకి ఎక్కినాక పెరగడేటి?"

నా అనుమానపు మొక్కకు నీళ్ళు పోసినట్టయింది.

తాత వాకిట్లోనే ఉన్నాడు. నలభై ఏళ్ళు చెరకు రసం కాచి బెల్లం వండిన మనిషి. జేబులోంచి తెల్ల పిప్పరమెంటు బిళ్ళ తీసి, "గ్యాసు మాత్ర తాతా, ఏసుకో" అన్నాను. చేతికందుకోకుండానే ముక్కు ఎగబీల్చాడు. "పిప్పరమెంటురా అది. ఎవుడి సెవిలో పువ్వెడతావు?" అన్నాడు. నా పరువు పోయింది.

పదకొండింటికి మనవడి భార్య నూకరత్నం తాతకు అంబలి, బెల్లం ముక్క తెచ్చింది. బెల్లం మీద వేలితో అదిమిన గుర్తు కనిపించింది. ఆమె వెనకే వంటగదిలోకి వెళ్ళి నిలదీశాను. "గట్టిగా అనకండి అన్నియ్యా. బీపీ మాత్తర పొడుం సేసి లోపలెడతన్నాను. డాటరుగారే పొడుం సెయ్యొచ్చన్నారు. ఆరేళ్ళయింది. తాతకి తెలీదు" అంది.

దొంగ దొరికాడు. కానీ నాకో కొత్త అనుమానం పట్టుకుంది. మూరెడు దూరం నుంచి పిప్పరమెంటు పసిగట్టిన ముక్కుకు నోట్లోని చేదు తెలియదా? ఆమె బావికెళ్ళగానే అడిగేశాను.

తాత గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించాడు. "బెల్లం వొండినోణ్ణిరా. మొదటి రోజే తెలిసింది. మింగనని ఊరందరి ముందూ అనీసేను. మాట పోకూడదు, పేనమూ పోకూడదు. అదేమో నన్ను ఏమార్చేనని మురిసిపోతాది. మురవనీ."

"మరి నీ మాట ఇని మా అప్ప పడిపోయింది తాతా."

తాత నమల్డం ఆపేశాడు. తర్వాత చెయ్యి చాపి, "కలుపు ఫోను" అన్నాడు. "అమ్మీ, ఈడియోలోవోణ్ణి. నాను రోజూ మింగుతన్నాను. నువ్వూ మింగు. మా గుంటకి, నూకరత్నానికి, సెప్పకు" అన్నాడు.

అవతల అప్ప, "ముసిలోడా, నీ నోరు పడా!" అని మొదలెట్టి ఎడాపెడా తిట్టింది. తాత తల వంచుకుని అంతా విన్నాడు. నేను వీడియో కాల్ చేసి, డాక్టరుకు ఫోన్ చేయించి, ఆయన వేసుకోమన్నాక ఆమె మాత్ర మింగేదాకా చూశాను. నాలుక ఎత్తించి కూడా చూశాను.

తిరుగు బస్సులో తాత మీద కోపం తెచ్చుకుందామని చూశాను గాని రాలేదు. అంత వయసొచ్చినా మనిషికి నలుగురిలో అన్న మాటను వెనక్కి తీసుకోవడం చేదు మాత్ర కన్నా కష్టమే. ఆ పని మా అప్ప కోసం చేశాడు. నూట రెండేళ్ళన్నది మాత్రం నేనిప్పటికీ నమ్మను.

వయసు మళ్ళినవాళ్ళ సలహా కోసం వెళ్ళేవారికి ఒక్క మాట: వాళ్ళు తినే వేళకు వెళ్ళండి, కంచంలోకి చూసొచ్చాకే చెప్పింది నమ్మండి.