బావగారి వెనీలా తీగ

బరంపురంలో మా పెరట్లో, బావి పక్కనున్న మునగచెట్టుకు వెనీలా తీగ పాకింది. మా బావగారు, అంటే మావారి అన్నగారు, బడిపంతులుగా రిటైరైన ఏడాది కేరళ వెళ్ళిన స్నేహితుడి చేత ముక్క తెప్పించి నాటారు. మూడేళ్ళు తీగ మొదలు దగ్గర కొబ్బరిపీచు కప్పి, పూట పూటా నీళ్ళు చిలకరించారు. నాలుగో ఏట ఒకే ఒక్క గుత్తి వేసింది. పది మొగ్గలు.

మా ఇంట్లో ఏ మొక్కకైనా తొలి పువ్వు దేవుడిదే. ఆ పొద్దున స్నానం చేసి వస్తే లేతపచ్చగా రెండు పువ్వులు విచ్చుకుని కనిపించాయి. సంతోషంగా కోసి పటం ముందు పెట్టాను. కాసేపటికి బావగారు పెరట్లోంచి వచ్చారు.

"పువ్వులేవమ్మా?"

"దేవుడికి పెట్టానండీ."

ఆయన అరుగు మీద కూర్చుండిపోయారు. నా తోటికోడలు, అక్క అంటాను నేను, ఊరుకోలేదు. "మూడేళ్ళు పిల్లని సాకినట్టు సాకినారు. మాయమ్మ ఒక్క పూటలో దేవుడికి ధారపోసీసింది!"

అప్పుడు చెప్పారు బావగారు. దీని పుట్టిల్లు మెక్సికో. అక్కడి తేనెటీగలు చేసే పని ఇక్కడ మనిషి చేతితో చెయ్యాలి. పువ్వు బతికేది ఒక్క పొద్దే. ఆలోగా పుప్పొడి అంటించకపోతే కాయ లేదు. మా అమ్మ దగ్గర నేర్చిన అక్షరాలే తప్ప బడి ముఖం ఎరగనిదాన్ని, నాకేం తెలుసు? కళ్ళనీళ్ళు ఆగలేదు.

"హఉ, హఉ," అన్నారు బావగారు, సరేలే అన్నట్టు ఒడియాలో. "ఏడవకమ్మా. తెలీక సేసినావు. ఇంకా ఎనిమిది మొగ్గలున్నాయి, సూడు."

మర్నాడు ఇంకో రెండు విచ్చుకున్నాయి. బావగారు కొబ్బరి ఈనె ముక్క పట్టుకున్నారు గానీ, ఆయన చెయ్యి వణుకుతుంది. రెండు పువ్వులూ చిరిగిపోయాయి. ఆ మర్నాడు ఈనె నాకిమ్మని అక్కతో అన్నారు. "తనే సెయ్యనీ. దండలు గుచ్చే సెయ్యి."

ఆయన చెబుతుంటే చేశాను. పువ్వు పెదవి చీల్చి, లోపలి సన్నటి పొరను ఈనెతో ఎత్తి, పుప్పొడిని బొటనవేలితో మెల్లగా అదిమాను. అలా మూడు పొద్దులు ఆరు పువ్వులకు. నాలుగు రాలిపోయాయి. రెండు వాడాయి గానీ రాలలేదు.

తొమ్మిది నెలలకు కాయలు కోస్తే వాసనే లేదు. "ఏటే ఇది, సిక్కుడుకాయా? కూరొండీమంటావా?" అంది అక్క. బావగారు మాత్రం తొందరపడలేదు. చెయ్యి ఓర్వలేనంత వేడినీళ్ళలో ముంచి తీయించారు. కంబళిలో చుట్టించారు. రోజూ కాసేపు ఎండ చూపి మళ్ళీ చుట్టాం. వారాల తరబడి అదే పని. కాయలు నల్లబడి, ముడతలు పడి, నూనె రాసినట్టు మెత్తబడ్డాయి. ఒకరోజు కంబళి విప్పితే గదంతా తియ్యటి వాసన. అంగట్లో సీసా ఎసెన్సుకు ఈ లోతు లేదు.

ఒక కాయ నిలువునా చీల్చి, ఇసుకలాంటి గింజలు గీకి పాలలో కాచాను. బావగారు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని మెల్లగా తాగారు. "కాసింది," అన్నారు, అంతే.

తొక్క కడిగి ఆరబెట్టి పంచదార డబ్బాలో వేశాను. పొద్దున్నే టీకి మూత తీసినప్పుడల్లా, నన్ను ఒక్క మాట అనని ఆ పెద్దమనిషి నీడలో ఉంచినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.