పాదం నొక్కి చూసే నాంచారమ్మ

హంసలదీవి దగ్గరి పల్లెపాలెంలో ఆశా కార్యకర్త నాంచారమ్మ ఏ ఇంటికి వెళ్లినా, కడుపుతో ఉన్న పిల్ల పాదాన్ని ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో నొక్కి చూస్తుంది. గుంట పడితే నీరు చేరినట్టే. ఆ పిల్ల భయపడకుండా ఏవో కబుర్లు చెబుతూనే చేతికి బీపీ పట్టీ చుట్టేస్తుంది. పదకొండేళ్లుగా ఆవిడ పని ఇదే.

ఆ రోజు నెలలు నిండిన వీరదుర్గ పాదంలో పడ్డ గుంట ఎంతకీ పూడలేదు. బీపీ నూట అరవై దాటింది. "ఇవాళే బందరు ఆసుపత్రికి తీసుకెళ్దాం" అంది నాంచారమ్మ. "రేపు మావాడు చేపల వేట నుంచి వచ్చేస్తాడు కదమ్మా, వాణ్ణి రానీ" అంది అత్త మాణిక్యం. నాంచారమ్మ బతిమాలింది, కోప్పడింది, చివరికి ఆవిడ కాళ్లు పట్టుకుంది. మాణిక్యం ఒప్పుకునేసరికి తెల్లారి పొద్దెక్కింది. అంబులెన్సులోనే వీరదుర్గకు ఫిట్స్ వచ్చాయి. బందరులో డాక్టర్లు బిడ్డను దక్కించారు గానీ తల్లిని దక్కించలేకపోయారు.

ఇంటివాళ్లంతా అక్కడే ఉండిపోవడంతో, సాయంత్రం పడవ వచ్చేసరికి ఒడ్డున నాంచారమ్మ ఒక్కతే నిలబడి ఉంది. నాలుగు రోజులుగా ఫోను అందని సముద్రంలో ఉన్న వీరదుర్గ భర్త ఆంజనేయులు ఆవిడను చూడగానే కాన్పయిందనుకుని, నవ్వుతూ మోకాలి లోతు నీళ్లలోకి దూకాడు.

"ఏం బిడ్డ, అక్కా?"

"ఆడపిల్ల" అంది నాంచారమ్మ. ఆ తర్వాతి మాట చెప్పడానికి నీళ్లలోకి దిగి అతని చెయ్యి పట్టుకుంది.