అమెరికా జొన్నల సంచి

డెబ్బైల్లో, మా ఊరికి దూరంగా, మానుకోట నుంచి నెల్లికుదురు వెళ్లే బస్సులో ఉన్నాను. పక్కన కూర్చున్న అవ్వ నా చేతిలో పుస్తకం చూసి, ఒళ్లోని విత్తనాల సంచి నాకిచ్చింది.

"అమెరికా జొన్నలట బిడ్డా. ఇంగ్లీషుల ఏం రాసిండ్రో జర సదువు."

కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు బెరుకు. మెల్లగా చెప్పాను. "ఈ పంట గింజలు మళ్లీ విత్తనానికి పనికిరావట అవ్వా. ఏటా కొత్తవి కొనాలట."

ఖర్చుకు బాధపడుతుందనుకున్నాను.

"మరి పక్కింటోళ్లు ఇత్తనం అడిగితే ఏమియ్యాలె?" అంది. అంతలోనే ఉలిక్కిపడింది. "అయ్యో, ఇంట్ల పాత ఇత్తనాలన్నీ పిండి పట్టిస్తనని మా ముసలోడు ఇయ్యాల్నే గిర్నీకి పోతనన్నడు! ఓ డ్రైవరు నాయినా, జర జల్ది తోలు!"

ఆ పూట గిర్నీకి కరెంటు ఉండకూడదని, ఆమె ఊరు వచ్చేదాకా నేనూ మొక్కుకున్నాను.